బిల్లు ఆయన పేరున ఉంటే వస్తువులు ఆయనవైపోతాయా?

ప్రశ్న: మా కాలనీలో 38 కుటుంబాల వాళ్లం తలా 4,000 రూపాయలు వేసుకుని, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అవసరపడే వస్తువులు ఉమ్మడిగా కొన్నాం. నిచ్చెన, డ్రిల్లింగ్ మెషీన్, నీళ్ల మోటారు, చక్రాల కుర్చీ, రోగుల మంచం వంటివి. అవసరమైన వాళ్లు తీసుకెళ్లి, వాడుకుని, తిరిగి ఇచ్చేయాలి. కాలనీలోని ఒక పెద్దాయన ఇంట్లో గది ఖాళీగా ఉంటే అక్కడ పెట్టాం. ఆయన్ని నేను సొంత అన్నయ్యలా నమ్మాను. బిల్లులు కూడా ఆయన పేరునే రాయించాం. ‘కాలనీ సభ్యుల వస్తువులు, మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి’ అని ఆయనే జాబితా రాసి, సంతకం చేసి తలుపుకు అంటించారు. నాలుగేళ్లు బాగానే నడిచింది. రెండేళ్ల నాలుగు నెలల క్రితం గదికి తాళం వేసి, ‘బిల్లులు నా పేరున ఉన్నాయి, వస్తువులు నావి, ఇవ్వను’ అని నాకు ఫోనులో సందేశం పంపారు. ఈ మధ్య మళ్లీ అడిగితే, ఇన్నేళ్ల గది అద్దె, మోటారు బాగుచేయించిన ఖర్చు ఇచ్చి తీసుకెళ్లమని ఇంకో సందేశం పెట్టారు. పాత తేదీతో ఒక ఒప్పందం రాసుకుని అందరం సంతకాలు పెడితే చెల్లుతుందా? తాళం పగలగొట్టి తెచ్చుకోవచ్చా? పోలీసు కేసు పెడితే దిగివస్తారని కొందరు అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆయన మీకు అన్నయ్య లాంటివారా కాదా అన్నది కోర్టు అడగదు. ఆ వస్తువులు ఆయన చేతికి ఏ హోదాలో వచ్చాయి అని అడుగుతుంది. కొనుక్కున్న యజమానిగా వచ్చాయా, అందరి తరఫున భద్రపరిచే మనిషిగా వచ్చాయా? మీ కేసు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద తేలిపోతుంది.

ఒక పని కోసం వస్తువును ఇంకొకరికి అప్పగించి, పని తీరాక తిరిగి ఇవ్వాలనుకుంటే దాన్ని కాంట్రాక్టు చట్టం, 1872లోని 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. దీనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి కాదు. వస్తువు చేతులు మారిన తీరే ఒప్పందాన్ని చెబుతుంది. మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన తలుపు మీది జాబితా ఇక్కడ ప్రాణం. ‘కాలనీ సభ్యుల వస్తువులు’ అని సొంత దస్తూరితో రాసి సంతకం చేసిన మనిషి ఇప్పుడు బిల్లు చూపిస్తే సరిపోదు. దుకాణంలో ఎవరి పేరు చెబితే ఆ పేరున బిల్లు రాస్తారు. డబ్బు ఎవరిది, ఎందుకు కొన్నారు, ఆ తర్వాత నాలుగేళ్లు ఎవరెవరు వాడుకున్నారు అన్నవి బిల్లు కంటే గట్టిగా మాట్లాడతాయి.

ఆయన పెట్టిన రెండో సందేశం మీకు మొదటిదానికంటే ఎక్కువ మేలు చేసింది. తన వస్తువులు తన గదిలో పెట్టుకున్నందుకు ఎవరైనా పక్కింటివాళ్లను అద్దె అడుగుతారా? అద్దె అడగడమే ఆ వస్తువులు ఇతరులవని ఒప్పుకోవడం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ వకీలు ఈ ఒక్క విషయం మీద అరగంట నిలబడవచ్చు.

ఎదుటి పక్షం తప్పకుండా బినామీ చట్టాన్ని ముందుకు తెస్తుంది. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొన్న ఆస్తిని తిరిగి ఇప్పించమని దావా వేయడాన్ని 1988 నాటి ఆ చట్టం నిషేధిస్తుంది. ‘ఆస్తి’ అంటే అందులో చరాస్తి కూడా. అయితే నమ్మకంతో, ఇతరుల మేలు కోసం ఆస్తిని పెట్టుకున్న వ్యక్తి విషయంలో మినహాయింపు ఉంది. తోబుట్టువులు తలా కొంత డబ్బు వేసి ఒకరి పేరున ఇల్లు కొన్న మార్సెల్ మార్టిన్స్ కేసులో సుప్రీంకోర్టు 2012లో ఈ మినహాయింపును వర్తింపజేసింది. కాబట్టి మీ దావాలో ‘ఆయన పేరున కొన్నాం’ అని వదిలేయకుండా, ‘మా అందరి తరఫున, మా కోసం పెట్టుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు’ అని మొదటి పేజీలోనే ఉండాలి. ఈ మాట తప్పిపోతే మంచి కేసు కూడా గడపలోనే ఆగిపోతుంది.

ఇక మీ మీద నాకు కోపం వచ్చిన చోటు చెబుతాను. 1,52,000 రూపాయలు పోగుచేశారు. 38 ఇళ్లలో ఒక్కరికీ రసీదు పుస్తకం తోచలేదా? అది అలా ఉంచండి, స్పష్టంగా ‘ఇవ్వను’ అని ఆయన రాసిచ్చాక రెండేళ్ల నాలుగు నెలలు దావా వేయకుండా గడిపారు. అప్పగించిన చరాస్తిని తిరిగి పొందే దావాకు లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూలులోని 70వ ఆర్టికల్ మూడేళ్ల గడువు ఇచ్చింది. అడిగాక నిరాకరించిన రోజు నుంచి లెక్క మొదలు. అంటే మీకు మిగిలింది ఎనిమిది నెలలు. అది కూడా ఆ సందేశమే మొదటి నిరాకరణ అయితేనే. అంతకుముందే మీలో ఎవరైనా అడిగితే ఆయన నోటితో కాదని ఉంటే, గడువు ఆ రోజు నుంచే మొదలైందని వాదిస్తారు. 38 ఇళ్లకూ వెళ్లి ఈ సంగతి ముందే కనుక్కోండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఈ రోజు కొత్తగా లీగల్ నోటీసు ఇస్తే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందనుకుంటారు. అవదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన కాలమూ ఇందులోంచి తీసేయరు. అద్దె గురించి ఆయన పెట్టిన రెండో సందేశం లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద రాతపూర్వక అంగీకారమని, దాని నుంచి కొత్త గడువు వస్తుందని వాదించడానికి చోటు ఉంది. ఫోను సందేశంలో సంతకం ఏదని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ వాదన మీద బతకాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు, పాత తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

పాత తేదీతో ఒప్పందం అన్నారు. ఈ ఆలోచన మీకు ఎవరిచ్చారో వాళ్లతో ఇక మాట్లాడకండి. ఈ రోజు రాసి పాత తేదీ వేస్తే అది ఫోర్జరీ. దాన్ని కోర్టులో దాఖలు చేస్తే, దొంగ పత్రాన్ని అసలైనదిగా వాడిన నేరం కూడా కలుస్తుంది. భారతీయ న్యాయ సంహితలో వీటికి ఏళ్ల తరబడి జైలు శిక్షలున్నాయి. స్టాంపు కాగితం ఏ రోజు ఎవరికి అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది, నోటరీ దగ్గరా రిజిస్టరు ఉంటుంది. 38 సంతకాల్లో ఒక్కరు బోనులో తడబడినా, మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యాన్ని కూడా జడ్జి నమ్మరు. న్యాయం మీ వైపు ఉండగా నేరం చేసి ఓడిపోతారా?

తాళం జోలికి కూడా వెళ్లవద్దు. దొంగతనం సెక్షన్‌కు చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. బాగుచేయడానికి ఇచ్చిన సొంత గడియారాన్ని, ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వకుండా, దానికి హామీగా పెట్టుకున్నవాడి దగ్గర నుంచి దురుద్దేశంతో లాక్కుంటే యజమాని కూడా దొంగే. ఆయన మోటారు బాగుచేయించిన ఖర్చు మీరు బాకీ ఉన్నారు, గుర్తుంచుకోండి. అందుకే ముందు ఆ బాకీ తీర్చండి. మోటారు కోసం ఆయన నిజంగా పెట్టిన ఖర్చుకు బిల్లు అడిగి, బ్యాంకు ద్వారా పంపి రుజువు దాచుకోండి. జీతం తీసుకోకుండా భద్రపరిచిన మనిషికి అవసరమైన ఖర్చులు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 158వ సెక్షన్ చెబుతుంది. గది అద్దె వేరు. ముందుగా మాట లేకపోతే దాని కోసం వస్తువులు పట్టి ఉంచే హక్కు ఆయనకు లేదు.

పోలీసు ఫిర్యాదు సంగతి. నమ్మకద్రోహం నేరమే. అయితే సివిల్ తగాదాను తేల్చుకోవడానికి క్రిమినల్ కేసును ఒత్తిడిగా వాడటాన్ని సుప్రీంకోర్టు 2006లో ఇండియన్ ఆయిల్ కేసులో గట్టిగా తప్పుపట్టింది. మీకు వస్తువులు కావాలి, ఆయన అరెస్టు కాదు. దానికి సివిల్ కోర్టే దారి.

దావా ఎవరు వేయాలన్నది కూడా చూడండి. రిజిస్టరు కాని మీ బృందం తన పేరున కోర్టుకు వెళ్లలేదు. ఈ రోజు హడావిడిగా సొసైటీ రిజిస్టరు చేయించి దాని పేరున దావా వేసినా, ఆ వస్తువులు ఆ సొసైటీకి ఎలా వచ్చాయి అని అడుగుతారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1, రూల్ 8 కింద కోర్టు అనుమతితో మీలో ఇద్దరు ముగ్గురు అందరి తరఫున దావా వేయవచ్చు. మిగతా కుటుంబాలకు కోర్టు నోటీసు వెళుతుంది. దావాతో పాటే ఆర్డర్ 39, రూల్ 7 కింద గదిలోని వస్తువుల జాబితా తీయించమని, వాటిని అమ్మకుండా నిషేధ ఉత్తర్వు ఇవ్వమని అడగండి. అలాగే మీలో ఎవరూ విడిగా వెళ్లి ఆయనతో రాజీ పడకూడదు. ఉమ్మడి యజమానుల్లో ఒక్కరికి తిరిగి ఇచ్చినా సరిపోతుందని, వేరే ఒప్పందం లేనప్పుడు కాంట్రాక్టు చట్టం 165వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్కరు ఎవరైనా కావచ్చు.

సాక్ష్యం విషయం ఈ వారంలోనే మొదలుపెట్టండి. అసలు జాబితా ఆయన తలుపు మీదో, చెత్తబుట్టలోనో ఉంటుంది. మీలో ఎవరో ఒకరు ఫోనులో ఫొటో తీసే ఉంటారు, వెతకండి. అసలు పత్రం హాజరుపరచమని ఆయనకు నోటీసు ఇచ్చి, ఇవ్వకపోతే ఫొటోను ద్వితీయ సాక్ష్యంగా, అంటే అసలుకు బదులుగా, పెట్టవచ్చు. ఫొటోలకూ సందేశాలకూ భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫోనులు అమ్మవద్దు, మార్చవద్దు, తుడిచేయవద్దు. ఆయన ఖాతాకు 4,000 పంపిన వాళ్లంతా ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోవాలి. ఒకే వారంలో ఒకే మొత్తం ఇన్ని ఇళ్ల నుంచి వెళ్లిందంటే అది కానుక అని ఎవరూ నమ్మరు. చక్రాల కుర్చీ తీసుకెళ్లి తిరిగి ఇచ్చిన కుటుంబమే మీకు మంచి సాక్షి.

వకీలు ఫీజు గురించి వెనకాడవద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. అక్కడే దావాకు ముందు లోక్ అదాలత్‌కూ ప్రయత్నించవచ్చు. రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. దానికి రెండు నెలలు పెట్టుకోండి, అంతకు మించి ఒక్క వాయిదా కూడా ఒప్పుకోకండి.

వస్తువులు చేతికొచ్చాక, ఏడుగురికి తగ్గకుండా కలిసి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం రిజిస్టరు చేయించండి. ప్రతి కుటుంబం తన వాటాను సంఘానికి రాసివ్వాలి. బిల్లులూ బ్యాంకు ఖాతా సంఘం పేరున, ఖాతాకు ఇద్దరి సంతకాలు. ఇచ్చినప్పుడూ తెచ్చినప్పుడూ సంతకం తీసుకునే స్టాకు పుస్తకం ఒకటి. గది ఇచ్చే మనిషితో ఒక పేజీ ఒప్పందం, ఈసారి అసలు తేదీతో.