పల్లపు పొలంలో ఉచితంగా బూడిద పోస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాకు రెండెకరాల పల్లపు పొలం ఉంది. వానాకాలం నీళ్లు నిలిచి పంట చేతికి రాదు. థర్మల్ ప్లాంటు బూడిద తోలే కాంట్రాక్టర్ వచ్చి, ఆరడుగుల మేర బూడిద నింపి పైన మట్టి కప్పుతాం, పైసా ఇవ్వక్కర్లేదు అంటున్నాడు. 'నా ఇష్టంతోనే పోయించుకున్నాను, ఇకపై బాధ్యత నాదే' అని స్టాంప్ పేపర్ మీద సంతకం మాత్రం కావాలట. పక్క పొలం ఆయన పోయిన ఏడాది ఇలాగే పోయించుకున్నారు. ఈ వేసవిలో అక్కడ దుమ్ము లేచి ఉండలేకపోయాం, బోరు నీళ్ల రుచి కూడా మారిందని ఆయన టెన్షన్ పడుతున్నారు. నేను సంతకం పెట్టొచ్చా? రేపు ఏదైనా అయితే ఎవరిని అడగాలి?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. బూడిదతో పల్లం పూడ్చడం తప్పేమీ కాదు, చట్టం ఒప్పుకున్న పనే. కానీ చట్టం చెప్పిన పద్ధతి వేరు, మీ చేతికిచ్చిన కాగితం వేరు.

అసలు ఉచితంగా ఎందుకు పోస్తున్నారో ముందు తెలుసుకోండి. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అదంతా ప్లాంట్ల దగ్గర బూడిద నిల్వ చేసే చెరువుల్లో పేరుకుపోతోందని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31న కొత్త నోటిఫికేషన్ తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం ప్లాంటులో పుట్టిన బూడిదనంతా పర్యావరణానికి హాని కలగకుండా వాడకంలోకి తేవాల్సిన బాధ్యత ప్లాంటుదే. ఇటుకలు, సిమెంటు, రోడ్డు కట్టలు, పాత గనుల గోతులు, పల్లపు భూములు, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. గడువులోగా వాడకుండా మిగిలిపోయిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలి. ఇప్పుడు మీ పొలం సంగతి చూడండి. రెండెకరాలు ఆరడుగుల మేర నింపాలంటే దాదాపు 14,800 ఘనపు మీటర్లు పడుతుంది, ఘనపు మీటరుకు ఒక టన్ను చొప్పున వేసుకున్నా వాళ్లకు తప్పే భారం కోటిన్నర దాకా ఉంటుంది. కాబట్టి మొహమాటపడాల్సిన పని మీకేమీ లేదు, షరతులు అడిగే హక్కు మీకుంది.

పల్లపు భూమి నింపాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి ఉండాలి. అనుమతి ఇచ్చిన స్థలాలు ఎక్కడున్నాయి, విస్తీర్ణం ఎంత, ఎంత బూడిద పోయవచ్చు అన్న వివరాలు మండలి తన వెబ్‌సైట్‌లో ఏటా పెట్టాలని కూడా అదే నోటిఫికేషన్ చెబుతోంది. మీ సర్వే నంబరుకు అనుమతి ఉందా అని కాంట్రాక్టర్‌ను కాదు, మండలినే అడగండి. నోటి మాటగా వద్దు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టి కాగితం తీసుకోండి. ప్లాంటు ప్రైవేటుదైనా ఫరవాలేదు, మండలి ప్రభుత్వ సంస్థే కాబట్టి జవాబివ్వాలి.

ఇంకో మాట. మీరు పల్లం అంటున్నది పాత కుంటో, చెరువు శిఖమో (చెరువు నీళ్లు నిలిచే భూమి) అయితే సంగతి పూర్తిగా మారిపోతుంది. 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు ఊరందరి ఉమ్మడి వనరులని, వాటిని కాపాడాలని గట్టిగా చెప్పింది. రెవెన్యూ రికార్డులో ఆ భూమి ఏమని ఉందో చూడకుండా ముందుకు పోకండి.

ఇక 'బాధ్యత నాదే' అన్న ముక్క దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఇదే. మీరూ కాంట్రాక్టరూ ఏం రాసుకున్నా అది మీ ఇద్దరి మధ్య మాటే, దానితో ప్లాంటు మీద చట్టం పెట్టిన బాధ్యత పోదు. ప్లాంటు బయటపడదు సరే, మీరు మాత్రం కొత్తగా ఇరుక్కుంటారు. వానకు బూడిద కొట్టుకుపోయి కింద పొలం పాడైతే ఆ రైతు మిమ్మల్ని కూడా ప్రతివాదిగా చేరుస్తాడు, అప్పుడు కాంట్రాక్టర్ ఆ కాగితమే తీసి చూపిస్తాడు. పైగా అనుమతి లేకుండా చేసే పనికి రాసుకున్నదైతే, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ఆ ఒప్పందం చెల్లదని వాదించవచ్చు. అయినా సంతకం పెట్టి తర్వాత వాదించుకోవడం కన్నా పెట్టకపోవడమే మేలు.

అనుమతి నిజంగానే ఉండి, మీకూ పూడ్పించాలనే ఉంటే, ఒప్పందం ప్లాంటు యాజమాన్యంతోనే రాసుకోండి, కాంట్రాక్టర్ ఒక్కడితో కాదు. అనుమతి నంబరు, ఎన్ని టన్నులు, ఎంత ఎత్తు, పైన ఎంత మందాన మట్టి, మూతేసిన లారీలు, నీళ్లు చల్లడం, ఇతరులకు నష్టం జరిగితే భరించేది ప్లాంటే అన్న షరతు, ఇవన్నీ అందులో ఉండాలి. లోడు దిగకముందే మీ బోరు నీళ్లు, మట్టి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. ఆర్సెనిక్, సీసం, క్రోమియం, బోరాన్ పేర్లు చెప్పి మరీ చేయించండి, ఎందుకంటే బూడిద నుంచి నీళ్లలోకి దిగేది ఇలాంటివే. తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. ముందు రిపోర్టు లేకపోతే, ఆ బోరు మొదట్నుంచీ అంతే అంటారు. ఆ ఒక్క వాదనతోనే న్యాయమైన కేసులు కూడా బలహీనపడతాయి.

బూడిద పొలానికి ఎరువు కదా అని కూడా చెబుతారు. సాగులో వాడకానికి నోటిఫికేషన్ ఒప్పుకున్నది మట్టి పరీక్ష చేసి, మోతాదు ప్రకారం కలిపితేనే. ఆరడుగులు పోయడం ఆ లెక్కలోకి రాదు.

మీ పక్క పొలం ఆయన విషయంలో ఆలస్యం చేయొద్దు. ఆయన సంతకం చేసి ఉన్నా దారులు మూసుకుపోలేదు. పరిహారం కోసం, పాడైన భూమిని తిరిగి బాగు చేయించడం కోసం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, దాని చట్టం 15వ సెక్షన్ కింద కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఐదేళ్లు గడువుంది. 14వ సెక్షన్ కింద వివాదం తేల్చమని అడగాలంటే మాత్రం ఆరు నెలలే, సరైన కారణం చూపితే మరో 60 రోజులు. రెండు తెలుగు రాష్ట్రాలకూ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం ఫీజు, కనీసం 1,000 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ట్రిబ్యునల్ పాటించి తీరాలని 20వ సెక్షన్ చెబుతోంది.

ఈ వారంలోనే ఆయన బోరు నీళ్లు పరీక్షకు పంపించండి. తేదీ పడేలా ఫొటోలు తీయండి, లారీ నంబర్లు, పాత రసీదులు ఏవున్నా ఒకచోట పెట్టండి. తర్వాత మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కలెక్టర్‌కు కూడా ఒక ప్రతి పంపి, రెండు చోట్లా అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ నీళ్లు ఇంట్లో తాగుతుంటే రిపోర్టు వచ్చేదాకా ఆపేయమనండి, ముఖ్యంగా పిల్లలకు.