ప్రశ్నలు తయారుచేయబోతున్న వంశీకి

చిరంజీవి వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మండల స్థాయి క్విజ్ పోటీకి జనరల్ నాలెడ్జి ప్రశ్నలు తయారుచేసే పని మీ హెడ్‌మాస్టరుగారు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ముప్ఫై ఏళ్ల పాటు బడిపిల్లలకు ఈ ప్రశ్నలు అడిగినదాన్ని కాబట్టి, నాకు అనుభవం మీద తెలిసిన నాలుగు మాటలు నీకు రాయాలనిపించింది. బజారులో దొరికే వెయ్యి ప్రశ్నల పుస్తకం తెచ్చి అందులోంచి వంద ఏరుకుంటే పని అయిపోతుందని ఎవరైనా అంటే మాత్రం వినకు నాన్నా. ఆ పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి, అందువల్ల మొదటి పుస్తకంలోని తప్పు చివరి పుస్తకం దాకా చెక్కుచెదరకుండా వస్తుంది.

నువ్వు అన్నిటికంటే ముందు చూసుకోవలసినది ఒకటుంది. ఎక్కువ తెలిసిన పిల్ల ఓడిపోయి, తక్కువ తెలిసిన పిల్ల గెలిచే ప్రశ్న అడగకూడదు. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడో, ఐదో ఏడో, ఒక పోటీలో “దేశభాషలందు తెలుగు లెస్స అన్నది ఎవరు?” అని అడిగాను. నా కాగితం మీద శ్రీకృష్ణదేవరాయలు అని రాసి ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గంట కొట్టి “వినుకొండ వల్లభరాయుడు” అని స్పష్టంగా చెప్పింది. తప్పన్నాను. పక్క జట్టు రాయల పేరు చెప్పి మార్కులు పట్టుకుపోయింది. ఆ అమ్మాయి వాదించలేదు, తల వంచుకుని కూర్చుంది. ఇంటికి వెళ్లాక మనసు ఊరుకోక, మర్నాడు గ్రంథాలయంలో వల్లభరాయుడి క్రీడాభిరామం తీయించి చూశాను. “జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందు దెలుగు లెస్స” అని అందులో ఉంది. అది రాయల కంటే ముందటి రచన. ఆ పిల్లకు ఆ పద్యం వాళ్ల తాతగారు నేర్పారట. తరువాతి వారం వాళ్ల బడికి వెళ్లి, తరగతి అందరి ముందూ ఆ అమ్మాయి చెప్పినది సరైన సమాధానమేనని చెప్పి వచ్చాను కానీ, పోయిన బహుమతిని తెచ్చి ఇవ్వలేకపోయాను.

ఆ ప్రశ్నలోని లోపం “అన్నది ఎవరు” అనే మాటలో ఉంది. ఆముక్తమాల్యదలో కూడా ఆ మాటను రాయలు తన నోటితో అనలేదు, కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు చేత అనిపించాడు. కాబట్టి “ఆంధ్రవిష్ణువు రాజుకు కలలో కనిపించి, దేశభాషలందు తెలుగు లెస్స అని పలికినట్లు చెప్పే కావ్యం ఏది?” అని అడిగితే సమాధానం ఒక్కటే ఉంటుంది, క్రీడాభిరామం చదివిన పిల్ల కూడా నష్టపోదు. అడ్డదిడ్డంగా ఉన్న ప్రశ్నలన్నీ ఇలా ఒకటి రెండు మాటలు చేరిస్తే నిటారుగా నిలబడతాయి. “భారతదేశంలో మొదటి భాషాప్రయుక్త రాష్ట్రం ఏది?” అనే ప్రశ్నకు అందరూ ఆంధ్ర రాష్ట్రమనే చెబుతారు. కానీ ఒడిశా 1936 ఏప్రిల్ 1ననే భాష ప్రాతిపదికన వేరే ప్రాంతంగా ఏర్పడింది. ముందు “స్వాతంత్ర్యం వచ్చిన తరువాత” అని చేర్చు, అప్పుడు 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం నిస్సందేహంగా సరైన జవాబు అవుతుంది. ఆ కర్నూలునే ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు దాని మొదటి రాజధాని హైదరాబాదు. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసుకోవడానికి కారణం మన ప్రశ్నలే.

“అతిపెద్ద”, “మొట్టమొదటి” అనే మాటలు కనిపించినప్పుడల్లా కలం ఆపి ఆలోచించు. అతిపెద్ద ఎడారి సహారా అంటాం, కానీ వాన తక్కువగా పడే చోటే ఎడారి అనే లెక్కన అంటార్కిటికా దానికంటే పెద్దది. సహారా అతిపెద్ద వేడి ఎడారి.

విజ్ఞానశాస్త్రం ప్రశ్నల్లో మన ఊళ్ల మీది ప్రేమ మన కళ్లకు అడ్డం పడుతుంది. “హీలియంను కనుగొన్న ఊరు గుంటూరు” అని మీరందరూ వినే ఉంటారు. గుంటూరు దానిని గర్వంగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, కానీ జరిగినది అంతకంటే పెద్ద కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు పియెర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో పరికరాలు అమర్చుకుని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడగొట్టి చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది, మర్నాడు చూశాడు కూడా. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి నార్మన్ పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు చూశాడు. అదే ఏడాది అక్టోబరులో నార్మన్ లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో, గ్రహణం లేకుండా ఆ గీతలను చూసే పద్ధతిని తనంతట తానుగా కనిపెట్టాడు. ఆ గీతల్లో పసుపుపచ్చని గీత ఒకటి భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో అది కొత్త మూలకమని భావించిన వాడు లాకియర్. సూర్యుడి గ్రీకు పేరు హీలియోస్ మీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. దానిని భూమి మీద ఒక యురేనియం ఖనిజం నుంచి విలియం రామ్సే వేరుచేసింది 1895లో, అంటే 27 ఏళ్ల తరువాత. ఇప్పుడు చెప్పు, ఇంత కథను “గుంటూరులో కనుగొన్న మూలకం ఏది?” అనే ఒక్క ముక్కలో ఇరికించడం న్యాయమేనా?

దీని నుంచి నేనైతే రెండు ప్రశ్నలు చేస్తాను. “1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి పియెర్ జాన్సెన్ నేటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏ ఊరిని ఎంచుకున్నాడు?” అనేది మొదటిది. రెండోది “భూమి మీద దొరకక ముందే సూర్యకాంతిలో గుర్తించిన మూలకం ఒకటుంది. గ్రీకు భాషలో సూర్యుణ్ణి హీలియోస్ అంటారు. ఆ మూలకం ఏది?” అని. ఈ రెండోది నాకు మరీ ఇష్టం. సమాధానం ముందు తెలియని పిల్లవాడు కూడా ప్రశ్నలోని మాట పట్టుకుని అక్కడికక్కడే ఆలోచించి చెప్పగలడు. చెప్పగానే వాడి ముఖం వెలగడం నువ్వే చూస్తావు.

అలా ఆలోచించి చెప్పగల ప్రశ్నలు సగమైనా ఉండేటట్లు చూసుకో. మన వంటింట్లోంచి ఒకటి ఇస్తాను. “నన్నయ కాలంలో రాజమహేంద్రవరంలో కాచిన పులుసులో వీటిలో ఏది పడే అవకాశం లేదు: మిరియాలు, చింతపండు, మిరపకాయ, అల్లం?” మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసు వాళ్లు సముద్రం మీద వచ్చాకనే మన నేలకు చేరింది. నన్నయ పదకొండో శతాబ్దం వాడు. గుంటూరు మిర్చి యార్డు పక్కన పెరిగిన పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్లు నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగారు. ఆ వెంటనే “అనాస, మేస్త్రీ, పాదిరి అనే మాటలు మనకు ఏ దేశస్థుల భాష నుంచి వచ్చాయి?” అని అడుగు. మొదటి ప్రశ్న విన్న పిల్లలకు రెండోది దానంతట అదే తెలిసిపోతుంది.

సమాధానాలకు వయసు ఉంటుందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకో. 2006 ఆగస్టు దాకా గ్రహాలు తొమ్మిది, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చాక ఎనిమిది. తెలంగాణ ఏర్పడినప్పుడు జిల్లాలు 10, 2016లో 31, 2019లో 33. ప్రాచీన భాష హోదా ఉన్న భాషలు చాలాకాలం ఆరే ఉన్నాయి. 2024 అక్టోబరులో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరడంతో 11 అయ్యాయి. సంఖ్య అడగడం కంటే “2008లో తెలుగుతో పాటు ప్రాచీన భాష హోదా పొందిన మరో భాష ఏది?” అని అడుగు, కన్నడం అనే జవాబు ఎన్నేళ్లకూ మారదు. సంఖ్యే అడగవలసి వస్తే, ప్రశ్న పక్కన దానిని సరిచూసిన తేదీ వేసుకో.

ఒక్కో ప్రశ్నను ఒక్కో అట్టముక్క మీద రాయి. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు, దాని కింద అది నువ్వు ఏ పుస్తకంలో ఏ పుటలో చూశావో ఆ వివరం, ఒప్పుకోదగిన వేరే జవాబు ఉంటే అదీ రాసుకో. రెండు చోట్ల, అదీ ఒకదాన్ని చూసి ఒకటి రాయని రెండు చోట్ల, కనిపించని దానిని పక్కన పెట్టు. తరువాత ప్రతి ప్రశ్ననూ ఇంట్లో వాళ్లకు బయటికి చదివి వినిపించు. కాగితం మీద చక్కగా ఉన్న పొడుగు వాక్యం చెవికి అందకపోవచ్చు. మీ నాన్న “మళ్లీ చదువు” అన్నారంటే ఆ ప్రశ్నను తిరగరాయాలి. ఏది అడుగుతున్నావో ఆ మాట వాక్యం చివర రావాలి, ఎందుకంటే మధ్యలో వస్తే పిల్లలు సగం విని గంట కొడతారు.

పోటీ రోజున పిల్లవాడు నీ కాగితం మీద లేని జవాబు చెబితే, వెంటనే తప్పు అనకు. “ఎక్కడ చదివావు?” అని ఒక్క మాట అడుగు. తేల్చలేకపోతే ఆ ప్రశ్నను రద్దు చేసి ఇంకొకటి ఇవ్వు, అందుకోసం పది ప్రశ్నలు అదనంగా దగ్గర పెట్టుకో. జవాబు ఎవరూ చెప్పని ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోకుండా, రెండు వాక్యాల్లో దాని కథ కూడా చెప్పు. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని చెబితే, ఓడిన జట్టు కూడా ఏదో ఒకటి ఇంటికి పట్టుకెళుతుంది.

నా పాత అట్టముక్కల డబ్బా ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. నాలుగు వందల పైచిలుకు ఉంటాయి. చాలావాటికి వయసు మళ్లింది కాబట్టి ఒక్కటి కూడా తిరిగి సరిచూడకుండా వాడకు. ఎర్ర సిరాతో గీసినవి నేను తప్పని తెలుసుకున్నవి, అవి కూడా ఎందుకు తప్పయ్యాయో వెనకవైపు రాసి ఉంది, చదువు. నీ ప్రశ్నలు పూర్తికాగానే జవాబులు లేకుండా నాకు పంపు, నేను జవాబులు రాసి పంపుతాను. మనిద్దరి జవాబులూ కలవని చోట మళ్లీ పుస్తకం తీద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ