తాళం ఎవరింటికి పడింది?

తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. ఉద్రేకం బాగా పలికింది. కానీ మొదటి వాక్యంలోనే ‘పుల్వామా తర్వాత భారత్ పాకిస్తాన్‌ను శత్రుదేశంగా ప్రకటించింది’ అన్నావు. ఏ చట్టం కింద? 2019లో జరిగింది వేరు. 1996లో ఇచ్చిన అత్యంత అనుకూల దేశం హోదాను వెనక్కి తీసుకుని, అక్కడి సరుకుల మీద 200 శాతం సుంకం వేశారు. అది వాణిజ్యానికి సంబంధించిన మాట.

‘శత్రువు’ అన్న మాటే కావాలంటే 1968 నాటి శత్రు ఆస్తుల చట్టం తెరువు. నిర్వచనంలో ఏ దేశం పేరూ లేదు. ‘భారత రక్షణ చట్టాల కింద శత్రువైనవారు’ అని వెనక్కి, 1962కీ 1971కీ చూపిస్తుంది. అంటే చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధాలు. కరాచీలో ఉన్నవాణ్ణి మన కస్టోడియన్, అంటే శత్రు ఆస్తుల్ని తన అధీనంలో ఉంచుకునే కేంద్ర ప్రభుత్వ అధికారి, ఏం చేయగలడు? అతను వదిలి వెళ్లిన ఇల్లూ పొలమూ మాత్రం ఇక్కడే ఉన్నాయి కదా. నీ వ్యాసంలో ఆ ఇల్లే లేదు.

ఉత్తరప్రదేశ్‌లోని మహమూదాబాద్ సంస్థానం సంగతి చూడు. రాజావారు 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నారు. భార్య, కొడుకు భారత పౌరులుగానే ఉండిపోయారు. 1965 యుద్ధం వచ్చేసరికి లక్నోలోని బట్లర్ ప్యాలెస్‌తో సహా ఆస్తులు కస్టోడియన్ చేతికి పోయాయి. 1973లో తండ్రి లండన్‌లో పోయాక కొడుకు వాటికోసం ఏళ్లతరబడి తిరిగారు. ఈలోగా ఆయన్ని జనం ఉత్తరప్రదేశ్ శాసనసభకు కూడా పంపారు! 2005లో సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది. 2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది: వారసుడు భారత పౌరుడైనా సరే, ఆస్తి శత్రు ఆస్తే, ఆ నిర్వచనం మొదటినుంచీ అలాగే ఉన్నట్టు లెక్క. గెలిచిన తీర్పు చేతిలో ఉండగానే కాళ్లకింద నేల లాగేశారు. దీన్ని సమర్థించేవాళ్ల వాదనా రాయి. పాకిస్తాన్ తన దగ్గరున్న ఇలాంటి ఆస్తుల్ని ఎప్పుడో అమ్మేసుకుందన్నది అందులో ముఖ్యమైనది. నాకది సరిపోయే జవాబుగా తోచదు. వారసుడు మనవాడు కాబట్టి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 83వ సెక్షన్ కూడా ఒకసారి చూడు. మనతో యుద్ధంలో ఉన్న దేశంలో ఉంటూ, లైసెన్సు లేకుండా అక్కడ వ్యాపారం చేసేవాడు ఏ దేశస్థుడైనా శత్రువు కిందే లెక్క. పాస్‌పోర్టు అడగదు. 1962లోనైతే ఇక్కడే పుట్టిన చైనా సంతతివాళ్లను సైతం రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు.

‘దాయాది దేశం’, ‘కుట్రల పుట్ట’ లాంటి మాటలన్నీ కొట్టెయ్. ఉత్తర్వు తేదీ, అది ఏ చట్టం కింద వచ్చింది, సంతకం ఎవరిది, తాళం ఎవరింటికి పడింది, ఇవి దొరికాకే కలం పట్టు. మన తెలుగు రాష్ట్రాల్లోనూ కస్టోడియన్ అధీనంలో భూములున్నాయి. ముందు రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి పహాణీలు, అంటే భూమి రికార్డులు, అడుగు. అవి చూశాక రెండో ప్రతి పంపు.

నీ
అన్నయ్య