బిందె ఎందుకు నింపుతుందో ముందు తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు కథల్లో మొదటిది రెండుసార్లు చదివాను. ఒంగోలులో పెరిగిన పిల్ల పెళ్లయి కూకట్‌పల్లి ఫ్లాట్‌కి వచ్చాక మెల్లగా వాళ్లమ్మలా తయారవడం మంచి వస్తువు. కానీ చివర్లో ఆమెను అద్దం ముందు నిలబెట్టి ‘అమ్మా, నేనూ నీలాగే అయిపోయాను’ అనిపించావు. ఆ మాట పాఠకుడు అంతకు రెండు పేజీల ముందే అనుకున్నాడు. తను కనిపెట్టుకున్నదాన్ని మళ్లీ విడమరిచి చెబితే అతనికి చిన్నతనంగా ఉంటుంది. అద్దం తీసెయ్. ‘ఆవు చేలో మేస్తే’ అంటూ ఎత్తుకున్నావు, అదీ తీసెయ్. ముగింపు మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది.

ఇప్పుడు ఒక కాగితం మీద ఆ తల్లి అలవాట్లు ఇరవై రాయి. లైట్లు ఆర్పడం, తిను తిను అని వెంటపడటం లాంటివి ఏ తల్లికైనా అతుకుతాయి కాబట్టి కొట్టెయ్. నాలుగైదు మిగులుతాయి. ఒక్కోదాని పక్కన అది ఏ లోటు వల్ల, ఏ భయం వల్ల వచ్చిందో రాయి. కారణం దొరకని అలవాటు కథలో నిలబడదు.

నీ దగ్గర అలాంటిది ఒకటి ఉంది, దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు: ‘అమ్మలాగే నీళ్లు పట్టి పెట్టుకునేది.’ అక్కడ ఆగాలి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఇల్లు. తల్లి బిందె అడుగున మిగిలిన నీళ్లు మొక్కలకు పోస్తుంది, లోపల పీచుతో తోముతుంది, కుళాయి మూతికి పాత పంచె గుడ్డ కడుతుంది, వంటింట్లోకి వెళ్లిపోతుంది. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. ఆ సన్నదనం వినే, చూడకుండానే, సరిగ్గా బిందె నిండేసరికి వచ్చి కుళాయి కట్టేస్తుంది. కూతురి ఫ్లాట్‌లో కింద సంపు, పైన ట్యాంకు, తక్కువైతే ట్యాంకరు. అయినా పడుకునే ముందు ఒక బకెట్ నింపి మూత పెడుతుంది, పొద్దున్నే ఆ నీళ్లు బాల్కనీ కుండీలకు పోస్తుంది. కారణం పోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. నీ కథంతా అక్కడే ఉంది.

లెక్కలు కూడా చూసుకో. తల్లి 1962లో పుట్టిందన్నావు. ఆమెకు ముప్పై ఏళ్లంటే 1992. గ్యాస్ కనెక్షన్‌కి పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలం. 14.2 కిలోల సిలిండర్ ఎన్నాళ్లు వచ్చిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడానికి ఆమెకు అప్పుడు కారణం ఉంది. కానీ నువ్వు అదే ఏడాది ఆమె చేతిలో సెల్‌ఫోన్ పెట్టావు. మన దేశంలో సెల్‌ఫోన్ సేవ మొదలైందే 1995లో. ఇలాంటి తప్పు ఒకటి కనిపిస్తే పాఠకుడు బిందెను కూడా నమ్మడు.

ఇంకొకటి, ఇది నాకు ముఖ్యం. నీ కథలో కూతురికి వచ్చినవన్నీ ముద్దొచ్చే అలవాట్లే. చిన్నప్పుడు ఆమె అసహ్యించుకున్నది కూడా ఒకటి రావాలి. అది అదే రూపంలో రానక్కర్లేదు. ఉదాహరణకు ఒక ఇల్లు అనుకో: తండ్రి కొట్టేవాడు, కొడుకు చచ్చినా తన పిల్లల మీద చెయ్యెత్తను అనుకున్నాడు. ఎత్తలేదు కూడా. కోపం వస్తే మూడు రోజులు మాట్లాడడు. పిల్లలు మాత్రం నాన్న చెప్పుల చప్పుడు వినగానే టీవీ కట్టేస్తారు, తను చిన్నప్పుడు పుస్తకం తీసినట్టే. వద్దనుకుని ఎదురుదిక్కు నడిచినవాడు కూడా ఆ ఇంటికే చేరడం రాయగలిగితే, అది పోలిక కంటే లోతైన విషయం.

మాట కూడా అలాగే బయటపడుతుంది. నీ రెండో కథలో కొడుకుది అనంతపురం కదా. హైదరాబాదులో రోజంతా ‘ఎక్కడికెళ్లావు’ అనేవాడు, రాత్రి పదకొండింటికి కూతురు ఇంటికొచ్చినప్పుడు ‘యాడికి పోయింటివి?’ అంటాడు. యాస కోపంలోనూ భయంలోనూ తిరిగొస్తుంది. అది చాలు, ‘అచ్చం వాళ్ల నాన్న గొంతే’ అని పక్కన రాయకు.

మొదటి కథ పదిహేను వందల మాటలు అనుకుందాం. మొదటి రెండు వందల్లోపు బిందె తల్లి చేతిలో పూర్తిగా కనపడాలి. రెండోసారి సగం దాటాక, కూతురి చేతిలో, వేరే ఏదో గొడవ మధ్యలో, రెండు వాక్యాలకు మించకుండా. ఈ రెండింటికీ మధ్య కనీసం అయిదారు వందల మాటలు లేకపోతే పాఠకుడికి పన్నాగం కనిపిస్తుంది. మూడోసారి కూతురు చేయకూడదు. ఆమె ఫోన్లో ఉంది, బాత్రూంలో బకెట్ నిండుతోంది, ఎనిమిదేళ్ల పిల్ల పక్క గదిలో హోంవర్క్ రాస్తోంది. తల ఎత్తకుండానే ‘అమ్మా, నిండింది’ అంటుంది. అక్కడ ఆపి, నెలాఖరులోగా పంపు.