నెట్‌వర్క్ ముచ్చట్లు: లైట్ వెలుగుతనే ఉంది, పని మాత్రం అయితలేదు

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్‌లు కలిపి మస్తుగనే వచ్చినయ్, అందులో సగం ఒకటే బాధ, అందుకే మొదటి జవాబుకు ఎక్కువ జాగ పోయింది. వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయినోళ్ళు జర వచ్చే నెల దాక ఆగుండ్రి.

ప్రశ్న (దేవరకొండ నుంచి): అన్నా, నేను ఒక ప్రైవేట్ కాలేజీల సిస్టమ్ అడ్మిన్‌ను. మూడు బిల్డింగులు, 40 స్విచ్‌లు (కంప్యూటర్లను కలిపే డబ్బాలు), 500 దాక కంప్యూటర్లు. అన్నీ నడుస్తున్నయా చూసే జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన, అన్నీ పింగ్ అయితున్నయ్, స్క్రీన్ మొత్తం పచ్చగ ఉంటది. అయినా రోజు పొద్దున తొమ్మిదిన్నరకు ల్యాబ్ నుంచి నెట్ స్లో అని ఒకటే ఫోన్లు. గ్రాఫ్ చూస్తే లింక్ 10 శాతం కూడ నిండలే. ప్రిన్సిపాల్ సారు నన్నే అనుమానంగ చూస్తుండు.

జవాబు: తమ్మీ, పింగ్ ఏం చెప్తదో ముందు చూడు. 1983 డిసెంబర్ల మైక్ మూస్ అనే ఆయన అమెరికా ఆర్మీ ల్యాబ్‌ల రాసిన చిన్న ప్రోగ్రామ్ అది, సబ్‌మెరైన్ల సోనార్ చేసే సప్పుడునే దానికి పేరు పెట్టిండు. ఉన్నవా అని కేకేస్తది, ఉన్న అని అవతలి నుంచి వస్తది, గంతే. ఊర్ల అరుగు మీద కూసున్న ముసలాయన్ని బాగున్నవా తాతా అంటే బాగున్న బిడ్డా అనే అంటడు, మోకాళ్ళ నొప్పి సంగతి పక్కన కూసొని అడిగితేనే బయటికొస్తది. పైగ విండోస్‌ల మామూలుగ పోయే పింగ్ 32 బైట్లది, పిల్లలు ఫైల్ దించుకుంటే వచ్చే ప్యాకెట్లు, అంటే డేటా మూటలు, 1500 బైట్ల దాక ఉంటయ్, ఖరాబైన తీగ మీద చిన్నది ఎట్లనో దాటిపోతది, పెద్దదానికే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. అందుకే పింగ్‌ను 1472 సైజు పెట్టి, ముక్కలు చేయొద్దని చెప్పి, ఒక వెయ్యి సార్లు కొట్టి చూడు, ఎన్ని పోయినయో లెక్కపెట్టు. 1472 ఎందుకంటే పైన అడ్రస్ అదీ రాసే హెడర్లు 28 బైట్లు కలిస్తే సరిగ్గ 1500 అయితది.

ఇగ ఆ గ్రాఫ్ సంగతి. ఎస్ఎన్ఎంపీ, అంటే స్విచ్‌లను లెక్కలు అడిగే పద్ధతి, దానితోని చానామంది 5 నిమిషాలకోసారి స్విచ్‌ను అడుగుతరు, ఇప్పటిదాక ఎన్ని బైట్లు పోయినయని, వచ్చిన తేడాను 300 సెకన్లతోని భాగిస్తరు. గిగాబిట్ లింక్ 15 సెకన్లు గొంతు దాక నిండి మిగతా టైమంత ఖాళీగ ఉన్నదనుకో, నీ గ్రాఫ్‌ల వచ్చేది 5 శాతం. ఆ 15 సెకన్లల్లనే గద పిల్లలందరు ఒక్కసారి లాగిన్ కొట్టేది! దేవరకొండ నుంచి నల్లగొండ పోయే బస్సులకు రోజు మొత్తం లెక్క తీస్తే సీట్లు ఖాళీ ఉన్నట్టే కనపడొచ్చు, పొద్దుగాల కాలేజీ టైం బస్సుకు వేలాడినోన్ని అడిగితే వేరే లెక్క చెప్తడు.

నేనైతే ముందు రెండు కౌంటర్లు చూస్త. డిస్కార్డ్‌లు పెరుగుతుంటే ప్యాకెట్లు ఆగే క్యూ నిండి స్విచ్చే ప్యాకెట్లు పారేస్తున్నట్టు, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే తొవ్వల ఖరాబైన ప్యాకెట్లు, పెరుగుతుంటే కేబుల్ కానీ కనెక్టర్ కానీ ఫైబర్ మొన మీద దుమ్ము కానీ. ఈ రెండు కాక లింక్ ఏ స్పీడ్‌ల ఉన్నదో కూడ చూడాలె, ఇది మాత్రం నేను దెబ్బతిని నేర్చుకున్నది. నల్లగొండల ఒక ఆఫీసు, పేరొద్దు, మూడు రోజులు సర్వర్‌ను తిట్టుకున్నం, ఆఖరికి చూస్తే మధ్యల ఉన్న గిగాబిట్ లింక్, అంటే 1000 మెగాబిట్లది, 100కు పడిపోయి ఉంది. గిగాబిట్‌కు కేబుల్ల నాలుగు జతల తీగలు కావాలె, 100కు రెండు జతలు సాలు, నారింజ, ఆకుపచ్చ. సీలింగ్ పలక తీస్తే మొహం మీద ఎలుక పెంటికలు రాలినయ్, టార్చ్ కొడితే నీలం జత కొరికి ఉంది, మిగిలినయి సుబ్బరంగ ఉన్నయ్. లైట్ వెలుగుతనే ఉంది, పింగ్ పోతనే ఉంది, మరి ఎట్ల తెలుస్తది? మంచిగున్న రోజు ఆ పోర్టు స్పీడ్ ఎంతనో ఎవ్వరూ రాసిపెట్టలే, అది ఎప్పటినుంచో గట్లనే ఉందనుకున్నం.

కాబట్టి ఒక ఆదివారం ల్యాబ్‌ల ఒక ల్యాప్‌టాప్, సర్వర్ రూంల ఒకటి పెట్టి రెండింటి మధ్య స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్ నడుపు, వచ్చిన నంబర్ నోట్‌బుక్‌ల రాసుకో. మల్ల సోమవారం తొమ్మిదిన్నరకు అదే టెస్ట్ చెయ్యి, ఆ ఒక్క లింక్ వరకు 5 నిమిషాలకోసారి అడిగేది 30 సెకన్లకు తగ్గించు. ఆ రెండు నంబర్లు తీస్కపోయి ప్రిన్సిపాల్ సారు ముంగట పెట్టు.

ప్రశ్న (జడ్చర్ల నుంచి): సార్, నేను ఇంటర్నెట్ కంపెనీల రాత్రి డ్యూటీ చేస్త, స్క్రీన్లు చూసుడే పని. ఒక ఫైబర్ తెగితే 300 మెసేజ్‌లు వస్తయ్, అసలు తెగింది ఎక్కడనో అందులో ఎతుక్కునేసరికి ఫోన్లు మొదలైతయ్. ఇది తగ్గదా?

జవాబు: తగ్గుతది చెల్లె. ఏ డబ్బాకు ఏ డబ్బా నుంచి నెట్ వస్తదో, అంటే దాని మీద ఏది ఉన్నదో, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలె, జాబిక్స్‌ల, నాగియోస్‌ల ఆ సౌకర్యం ఉంది, మీదిది పడిపోతే కిందివాటి గురించి నోరు మూసుకుంటది. ఒక్క పింగ్ తప్పితే అలారం వద్దు, వరుసగ మూడు తప్పితేనే. ఇంకో పద్ధతి నాది, కొందరికి నచ్చదు: వచ్చిన మెసేజ్ చూసి లేచి చేసే పని ఏదీ లేకపోతే ఆ మెసేజ్ పీకేయాలె, రిపోర్ట్‌ల ఉంటే సాలు. రోజు అరిచే కుక్కను దొంగ వచ్చిన నాడు కూడ ఎవడూ పట్టించుకోడు.

తెగింది ఎక్కడ అంటే ఫైబర్‌లకు వెలుగు పంపి కొలిచే ఓటీడీఆర్ మీటర్ చెప్తది. ఫైబర్ గాజుల వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతది, కిలోమీటర్‌కు 5 మైక్రోసెకన్లు పడ్డట్టు, తెగిన కాడ తాకి వాపస్ వచ్చే టైం చూసి దూరం లెక్కగడతది. కాని అది ఫైబర్ పొడుగు, రోడ్డు పొడుగు కాదు. చాంబర్లల్ల చుట్టలు చుట్టి పెట్టిన ఫైబర్ కూడ అందుల కలుస్తది, మీటర్ 7.4 అంటే తెగింది రోడ్డు మీద 7 దగ్గరనే ఉండొచ్చు. చుట్టలు ఎక్కడెక్కడ ఎన్ని మీటర్లున్నయో రాసిపెట్టుకున్న లైన్‌మన్ అర్ధగంటల జాగ పట్టుకుంటడు, రాసుకోనోడు తెల్లార్లు బండి మీద తిరుగుతడు.

రింగ్ ఉంది గద, ఒక దిక్కు తెగితే ఇంకో దిక్కు నుంచి పోతది అని మీ పెద్దలు ధీమాగ ఉండొచ్చు. రెండు దిక్కులు ఒకటే కాలువల పోతున్నయా అని ఒక్కసారి అడుగు. మన దగ్గర మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కాలువల్లనే రాష్ట్ర సర్కారు ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ ఫైబర్ గొట్టాలు కూడ వేసిన్రు, తవ్వకం ఖర్చు మిగిలింది, మంచి ఆలోచననే. కాని ఏ కంపెనీ రింగ్ అయినా రెండు దారులు ఒకటే గుంతల ఉంటే జేసీబీ పన్ను రెంటినీ కలిపే లేపుతది. రింగ్ పనిచేస్తదా లేదా తెలుసుకునుడు ఒకటే తీరు, అందరికి ముందే చెప్పి రాత్రి రెండింటికి మనమే ఒక దిక్కు ఊడబీకి చూడాలె.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): మా సేటుకు ఐదు రైస్ మిల్లులు, ఒక ఆఫీసు. స్విచ్‌లు ఏడు కంపెనీలవి, ఒక్కోటి ఒక్కో తీరు. ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కొంటే సులువైతదని ఒకాయన కొటేషన్ ఇచ్చిండు. కొనమంటరా?

జవాబు: ఇప్పుడే వద్దు. గజిబిజి మీద ఆటోమేషన్ పెడితే గజిబిజే ఫాస్ట్‌గ అయితది. ముందు పేర్లు సక్కగ పెట్టుండ్రి, మిల్లు నంబర్, రూం, స్విచ్ నంబర్, గంతే, స్విచ్ 1 కొత్తది, స్విచ్ 1 పాతది అసొంటియి వద్దు. పాడైనప్పుడల్ల ఒకటే కంపెనీది, ఒకటే మోడల్ తెస్తపోండ్రి, ఒకటి స్పేర్ ఉంచుండ్రి. కాన్ఫిగ్, అంటే స్విచ్ సెట్టింగులు, రోజు రాత్రి తనంతట అదే ఒక కాడ సేవ్ అయ్యేటట్టు చేస్తే నిన్నటికి ఇయ్యాల్టికి ఏం మారిందో రెండు నిమిషాల్ల దొరుకుతది, నన్నడిగితే అన్నింటికన్న ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే. ప్యాకెట్లు గుండ్రంగ తిరుగుతనే ఉండకుండ ఆపే స్పానింగ్ ట్రీ ఆన్ ఉందా చూసుకోండ్రి, 1985ల రేడియా పెర్ల్‌మన్ అనే ఆమె కనిపెట్టింది, హమాలీ ఎవరో ఊడిన కేబుల్ కనపడి పాపం మంచికే రెండు మొనలు ఒకటే స్విచ్‌ల గుచ్చితే మిల్లు మొత్తం పండుకోకుండ కాపాడేది అది.

ఇంకోటి, ఆఫీసు నుంచి మిల్లు రూటర్‌ల మార్పు చేసి ఆ లింకే పోగొట్టుకునుడు అందరికి అయితది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఇన్‌స్టాగ్రామ్ అన్నీ ఆరు గంటల దాక పడిపోయినయ్ యాదుందా, మెయింటెనెన్స్‌ల ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ లింకులన్నిటినీ తెంపింది, అసొంటి తప్పు ఆపాల్సిన టూల్లనే బగ్ ఉండె, దూరం నుంచి సరిచేద్దమంటే వాళ్ళ సొంత టూల్సే పనిచెయ్యలే. అంతటోళ్ళకే గట్లయింది. మిల్లుకొకటి వేరే కంపెనీ 4జీ సిమ్ ఉన్న చిన్న డబ్బా పెట్టుండ్రి, లోపలికి పోనీకె రెండో తొవ్వ ఉంటది.

ప్రశ్న (వనపర్తి నుంచి): ఇంట్ల స్పీడ్ టెస్ట్ 100 చూపిస్తది కాని సాయంత్రం నేను ఆన్‌లైన్ ట్యూషన్ చెప్తుంటే మాట ముక్కలు ముక్కలైతది. ఎందుకు?

జవాబు: మేడం, స్పీడ్ టెస్ట్ కొట్టినప్పుడు మీరు కిందికి వచ్చే నంబరే చూస్తరు, క్లాసుకు మీ దిక్కు నుంచి పైకి పోయేది ముఖ్యం. రూటర్‌కు పింగ్ కాదు, బయటికి, గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ పెట్టి వదిలెయ్యండ్రి, 10, 12 మిల్లీసెకన్లు వస్తుంటయ్ అనుకుందాం. క్లాసు చెడ్డ టైంకు అది 300, 400 అయితే అప్‌లోడ్ లైన్ నిండి మీ మాట రూటర్ క్యూల నిలబడ్డట్టే. సారు ఆఫీసు నుంచి రాంగనే ఫోన్ వైఫైకి కలిసి పొద్దటి నుంచి తీసిన వీడియోలన్ని బ్యాకప్ ఎక్కుతుండొచ్చు, జర ఆ ఫోన్ల బ్యాకప్ ఆపి అదే పింగ్ మల్ల చూడండ్రి.