పీటీఏ తరఫున కొత్త నంబర్ ప్లేటు పెట్టొచ్చా? – సమాధానం

కాలిఫోర్నియాలో పిల్లలు క్షేమంగా బడికి నడిచేలా పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) తరఫున స్పెషల్ ప్లేటు, అంటే అదనపు రుసుము ఒక మంచి పనికి వెళ్లే వాహన నంబర్ ప్లేటు, తేవచ్చా అని అడిగారు కదండీ. నేరుగా కుదరదు. రాష్ట్ర ప్రభుత్వ శాఖే స్పాన్సర్ చేయాలి, ముందుగా 7,500 దరఖాస్తులు డబ్బుతో సహా రావాలి. గడువు 12 నెలలు, పొడిగిస్తే మొత్తం 24. అసలు చిక్కు ఇక్కడే: "తీసుకుంటాం" అని సంతకం పెట్టినవాళ్లు లెక్కలోకి రారు, 50 డాలర్లు కట్టినవాళ్లే వస్తారు. ఆపైన ఏటా రెన్యువల్ 40. తర్వాత ప్లేట్లు 7,500 కంటే తగ్గితే నోటీసిస్తారు, ఏడాదిలో కోలుకోకపోతే జారీ ఆపేస్తారు.

పిల్లల క్షేమం కోసం గుండె, చెయ్యి, నక్షత్రం గుర్తులుండే కిడ్స్ ప్లేటు ఇప్పటికే ఉంది, దాన్నే ప్రచారం చేయండి. స్కూల్ ముందు క్రాసింగే కావాలంటే నడక, సైకిల్ దారులకు రాష్ట్రం డబ్బిచ్చే యాక్టివ్ ట్రాన్స్‌పోర్టేషన్ ప్రోగ్రామ్ గ్రాంటుకు మీ సిటీ పబ్లిక్ వర్క్స్ (రోడ్ల పనులు చూసే విభాగం) వాళ్లతో దరఖాస్తు పెట్టించండి. బడి విడిచే వేళ ఆ దారంతా నడిచి, ఫుట్‌పాత్ తెగిపోయిన చోట్లు, కార్లు ఆగని మలుపులు ఫొటోలతో వాళ్లకివ్వండి.