రీల్స్‌లో చూసిన గోడ పలకలు, కోనసీమ చెమ్మ

అమలాపురంలోని మీ ఇంట్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసి హాలు గోడకు బిగించిన ఎండీఎఫ్ పలకలు ఒక్క వర్షాకాలానికే ఉబ్బి, వెనుక బూజు పట్టాయని రాశారు. తప్పు వడ్రంగిది కాకపోవచ్చు. ఎండీఎఫ్ అనేది చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక కనుక, భూగర్భజలం పైపైనే ఉండే డెల్టాలో పునాది నుంచి గోడలోకి పాకే చెమ్మను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినా మునుపటి మందానికి రాదు. (రీల్స్ తీసేది పలకలు బిగించిన రోజునే కదా!) ముందు వాటిని తీయించి, గోడను పూర్తిగా ఆరనిచ్చి, చెమ్మ నేల నుంచి వస్తోందో, బయటి పగుళ్ల నుంచి వస్తోందో చూడండి, ఆ దారి మూయకుండా పైన ఏది బిగించినా దండుగే. తరువాత అదే రూపం కావాలనుకుంటే, ఐఎస్ 710 (తేమను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) గుర్తున్న ప్లైవుడ్‌ను గోడకు ఆనించకుండా, నడుమ గాలి ఆడేలా బద్దలపై బిగించమనండి.